తెల్లటి ఆరా పోయే ముందే వినపడాలి: మడ్ ఆటల్లో స్పెల్ టైమర్లకు ట్రిగ్గర్లు రాసుకోవడం

ఒక రాత్రి పదకొండు దాటాక, నెట్‌లో చాలామంది కలిసి అక్షరాలతోనే ఆడే ఒక మడ్ ఆటలో ముగ్గురం గ్రూపు కట్టి ఓ గుహలోకి దిగాం. నేను క్లెరిక్, అంటే మంత్రాలతో మిగతావాళ్లను కాపాడే పాత్ర. ముందు నిలబడి దెబ్బలు తినేది గరుడ, వెనక తుమ్మెద. ఇవి ఆటలో పేర్లే. గరుడకు నేనే శాంక్చువరీ వేశాను, ఒంటి చుట్టూ తెల్లటి ఆరా కట్టి దెబ్బల తీవ్రత తగ్గించే స్పెల్ (మంత్రం) అది. నాలుగైదు నిమిషాలు పోరు బాగానే నడిచింది. తర్వాత రెండే రెండు రౌండ్లలో గరుడ పడిపోయాడు. వెంటనే ఫోన్ మోగింది. "అక్కా, ఆరా ఎప్పుడు పోయింది? నువ్వు చెప్పలేదేం?" అన్నాడు. చెప్పడానికి నాకు తెలిస్తే కదా!

నాకు చూపు లేదు. గరుడకూ లేదు. ఇద్దరం తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో ఆడతాం. అక్షరాలతోనే నడిచే మడ్ ఆటలు మాలాంటివాళ్లకు చాలా ఇష్టమైనవి, ఎందుకంటే ఇందులో బొమ్మ చూడాల్సిన పని లేదు, అందరికీ వచ్చేది అవే అక్షరాలు. ఒక్క తేడా ఉంది. చూపున్నవాళ్లు ఇరవై లైన్లు దొర్లుతున్నా కావలసిన లైను మీదికి కన్ను తిప్పుకోగలరు. మాకు లైన్లు ఒకదాని తర్వాత ఒకటి చెవిలో పడాలి. పోరు మధ్యలో "యూ మిస్, హీ హిట్స్" అంటూ పదిహేను లైన్లు వచ్చాయంటే "ద వైట్ ఆరా అరౌండ్ యువర్ బాడీ ఫేడ్స్" అన్న పదహారో లైను వినే సరికి ఆలస్యమైపోతుంది. అందుకే స్పెల్ ఎప్పుడు పోతుందో లెక్కపెట్టే టైమర్ల మీద, ఆట నుంచి ఫలానా లైను రాగానే దానంతటదే పని చేసే ట్రిగ్గర్ల మీద కూర్చుని పని చేశాను. చూపున్నవాళ్లకు కూడా ఇది అంతే పనికొస్తుంది. నేను శబ్దం పెట్టిన చోట మీరు రంగు పట్టీ పెట్టుకోండి.

మేం ఆడేది సర్కిల్‌మడ్ కోడ్‌ను దాదాపు మార్చకుండా నడిపే ఒక చిన్న సర్వర్. కోపెన్‌హాగన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు 1991లో బయటపెట్టిన డీకూమడ్ దీనికి తల్లి. దాన్ని సరిదిద్ది జాన్స్ హాప్‌కిన్స్‌లో జెరెమీ ఎల్సన్ 1993లో సర్కిల్‌మడ్ విడుదల చేశారు. ఈ కుటుంబం ఆటలు వందల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ చెప్పే లెక్క చాలా చోట్ల పనికొస్తుంది. కానీ అంకెలు మాత్రం మీ ఆటలో వేరుగా ఉండొచ్చు, కొలుచుకోవాలి. నేను వాడే క్లయింట్ (సర్వర్‌కు కలిపి ఆడించే ప్రోగ్రాం) ముష్‌క్లయింట్, స్క్రిప్టు లువా భాషలో. మడ్‌లెట్ అనే ఇంకో క్లయింట్ వాడేవాళ్లకు బటన్ల పేర్లు మారతాయి, ఆలోచన అదే. ఆట పంపే లైన్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు మాత్రం ట్రిగ్గర్‌లో ఆట పంపినట్టే ఇంగ్లీషులో, చుక్క కూడా పోకుండా కొట్టాలి.

ముందు ఆట గడియారం సంగతి

మొదట నేను చేసిన పని అందరూ చేసేదే. శాంక్చువరీ వేయగానే 300 సెకన్ల టైమర్ పెట్టాను. ఒకసారి సరిగ్గా మోగింది. ఇంకోసారి ఆరా పోవడానికి నిమిషం ముందే మోగింది. మరోసారి ఎంతకో గాని ఆరా పోలేదు. నెట్ నెమ్మదేమో అనుకున్నాను. కారణం అది కాదు.

సర్కిల్‌మడ్‌లో స్పెల్ కాలం సెకన్లలో ఉండదు, టిక్కుల్లో ఉంటుంది. ఒక టిక్కు అంటే ఆటలో ఒక గంట, మన లెక్కలో 75 సెకన్లు. అలా 24 టిక్కులు, అంటే సరిగ్గా 30 నిమిషాలు, ఆటలో ఒక రోజు. ఈ టిక్కు మీరు స్పెల్ వేసినప్పుడు మొదలవదు. సర్వర్ లేచినప్పటి నుంచి అందరికీ కలిపి ఒకటే కొట్టుకుంటూ ఉంటుంది. శాంక్చువరీకి రాసిన కాలం 4. ప్రతి టిక్కుకూ అందులోంచి ఒకటి తగ్గుతుంది. నాలుగు టిక్కులకు సున్నా అవుతుంది. సున్నా అయిన టిక్కున పోదు, ఆ తర్వాతి టిక్కున పోతుంది. అంటే ఆరా పోయేది ఐదో టిక్కున.

ఇప్పుడు లెక్క చూడండి. టిక్కు కొట్టిన మరుక్షణం వేస్తే ఐదు టిక్కులూ పూర్తిగా దొరుకుతాయి, 375 సెకన్లు. టిక్కు కొట్టబోయే ముందు వేస్తే మొదటి టిక్కు అప్పుడే అయిపోతుంది, చేతికి వచ్చేది 300 సెకన్ల పైచిలుకు మాత్రమే. ఒకే స్పెల్, 75 సెకన్ల తేడా. సెకన్లు లెక్కపెట్టే టైమర్ ఎంత బాగా రాసినా ఈ తేడాను పట్టుకోలేదు. టిక్కును పట్టుకుంటే మాత్రం ఆరా ఏ క్షణాన పోతుందో సెకను తేడాతో తెలుస్తుంది, ఎందుకంటే కాలం తీరి ఏ స్పెల్ అయినా పోయేది టిక్కు మీదే.

మరి టిక్కు ఎప్పుడు కొట్టిందో ఎలా తెలుస్తుంది? ఆట నేరుగా చెప్పదు, కానీ గుర్తులు వదులుతుంది. బయట నిలబడి ఉంటే "ద సన్ రైజెస్ ఇన్ ద ఈస్ట్", "ద డే హ్యాజ్ బిగన్", "ద సన్ స్లోలీ డిసప్పియర్స్ ఇన్ ద వెస్ట్", "ద నైట్ హ్యాజ్ బిగన్" అన్న నాలుగు లైన్లూ టిక్కు మీదే వస్తాయి. పాత్రకు ఆకలేస్తే "యూ ఆర్ హంగ్రీ", దాహమేస్తే "యూ ఆర్ థర్స్టీ" కూడా అంతే. ఏ స్పెల్ అయినా పోయినప్పుడు వచ్చే లైను కూడా టిక్కు గుర్తే. ఈ లైన్లన్నీ ఒకప్పుడు విసుగనిపించి దాచేసేదాన్ని. ఇప్పుడు అవే నా గడియారం.

లైనును పట్టుకునే నమూనా

ముష్‌క్లయింట్‌లో కంట్రోల్, షిఫ్ట్, 8 నొక్కితే ట్రిగ్గర్ల జాబితా వస్తుంది. యాడ్ నొక్కండి. పైన ట్రిగ్గర్ గళ్లో నమూనా, కింద రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ప్రత్యేక గుర్తులతో రాసే నమూనా) అన్న చెక్‌బాక్స్ పెట్టండి, సెండ్ టు దగ్గర స్క్రిప్ట్ ఎంచుకోండి. శాంక్చువరీ మన మీద పడ్డప్పుడు వచ్చే లైనుకు నా నమూనా ఇది:

^ఎ వైట్ ఆరా మొమెంటరిలీ సరౌండ్స్ యూ\.$

మొదట్లో ఉన్న గొడుగు గుర్తు అంటే లైను ఇక్కడే మొదలవ్వాలని. చివరి డాలర్ అంటే ఇక్కడే ముగియాలని. చుక్కకు ముందు అడ్డగీత ఎందుకంటే, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో ఉత్త చుక్కకు "ఏ అక్షరమైనా సరే" అని అర్థం. అడ్డగీత పెడితే అది మామూలు చుక్క అవుతుంది.

గొడుగూ డాలరూ లేకపోతే ఏమవుతుంది? పక్కవాడు మాటల్లో ఆ లైను అన్నా మీ టైమర్ మొదలైపోతుంది. తుమ్మెదకు ట్రిగ్గర్లు నేర్పుతూ ఆ లైనును ఆటలో మాట్లాడుకునే ఛానెల్‌లో అతికించాను. "తుమ్మెదా, ఇదిగో ఈ లైనే పట్టుకోవాలి" అని. నా మాటకు నా టైమరే లేచి కూర్చుంది. లేని ఆరా ఉందని నమ్మి ఆ తర్వాత పోరుకు వెళ్లాను కూడా. అందుకే రెండు చివర్లూ కట్టేయండి. ప్రతి ట్రిగ్గర్‌కూ, మినహాయింపు లేకుండా.

చివర్లు కట్టేస్తే ఇంకో ఇబ్బంది వస్తుంది, దాని దగ్గర కాసేపు ఆగుదాం. నేను కొట్టిన కమాండ్‌ను క్లయింట్ మళ్లీ తెర మీద చూపిస్తే ఎన్‌వీడీఏ దాన్ని రెండోసారి చదువుతుంది. విసుగొచ్చి ఆ ఎకో ఆపేశాను. ఆ రోజు నుంచి ట్రిగ్గర్లు ఒక్కోసారి పని చేసేవి, ఒక్కోసారి చేసేవి కాదు. రెండు రోజులు తల పట్టుకున్నాను. ఔట్‌పుట్‌ను ఒక్కో లైనూ నిదానంగా వింటే తెలిసింది. ఆట మన కమాండ్ కోసం ఎదురుచూస్తూ చూపే అంకెల ముక్కను ప్రాంప్ట్ అంటారు, దాని చివర సర్వర్ లైను ముగించదు. ఎకో ఉన్నప్పుడు నా కమాండే ఆ లైనును ముగించేది. ఎకో పోయాక తర్వాతి లైను ప్రాంప్ట్‌కే అతుక్కుని వస్తోంది: "62హెచ్ 140ఎం 85వీ > ఎ వైట్ ఆరా…" అని. నా గొడుగు గుర్తుకు లైను మొదట్లో అంకెలు కనపడుతున్నాయి, ఆరా కాదు. కాబట్టి ప్రాంప్ట్ ఉన్నా లేకపోయినా ఒప్పుకునేలా మార్చాను:

^(?:[0-9]+హెచ్ [0-9]+ఎం [0-9]+వీ > )?ఎ వైట్ ఆరా మొమెంటరిలీ సరౌండ్స్ యూ\.$

బ్రాకెట్‌లో మొదట ప్రశ్నార్థకం, కోలన్ పెడితే "కలిపి ఉంచు కానీ గుర్తుపెట్టుకోకు" అని. బ్రాకెట్ తర్వాతి ప్రశ్నార్థకం "ఉంటే ఉంది, లేకపోతే లేదు" అని. [0-9]+ అంటే ఒకటో అంతకన్నా ఎక్కువో అంకెలు. ఇక్కడ బద్ధకించి చుక్క, నక్షత్రం పెట్టేసి "ముందు ఏదైనా ఉండనీ" అనకండి. అలా అంటే పక్కవాడి మాటలు మళ్లీ లోపలికి వచ్చేస్తాయి. ప్రాంప్ట్ ఎలా ఉంటుందో మీకు తెలుసు, అదే రాయండి.

లైను ముగిసే దగ్గర కూడా ఒక పాఠం ఉంది. పాత్ర చనిపోతే స్పెల్స్ అన్నీ ఒక్కసారే పోతాయి, కానీ ఒక్కదానికి కూడా పోయినట్టు లైను రాదు. వచ్చేది "యూ ఆర్ డెడ్! సారీ..." ఒక్కటే. ఆ లైనుకు ట్రిగ్గర్ పెట్టి లెక్కలన్నీ సున్నా చేయాలి. పెట్టాను, పని చెయ్యలేదు. చుక్కలకు మూడింటికీ అడ్డగీతలు ఉన్నాయి, అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. చివరికి బాణం కీతో ఒక్కో అక్షరమూ విన్నాను. ఆశ్చర్యార్థకం, స్పేస్, స్పేస్, ఎస్. అక్కడ రెండు స్పేసులున్నాయి! స్క్రీన్ రీడర్ లైను మొత్తం చదివేటప్పుడు ఒకటైనా రెండైనా ఒకేలా వినపడుతుంది. చూసేవాళ్లకు కూడా ఇది సులభంగా తప్పిపోతుంది. అప్పటి నుంచి వాక్యాల మధ్య స్పేస్ పక్కన కూడిక గుర్తు పెడుతున్నాను, ఎన్ని ఉన్నా పట్టేలా. అన్నిటికన్నా మంచిది, లైనును చేత్తో కొట్టకుండా ఔట్‌పుట్ నుంచి కాపీ చేయడం.

లెక్క నడిపే స్క్రిప్టు

టైమర్‌ను ఎప్పుడు మొదలుపెట్టాలి? కమాండ్ కొట్టినప్పుడు కాదు. కొట్టిన ప్రతి స్పెల్లూ పడదు. "యూ లాస్ట్ యువర్ కాన్సంట్రేషన్!" అని రావచ్చు, స్పెల్స్‌కు ఖర్చయ్యే శక్తి, అంటే మానా, చాలక "యూ హావెంట్ ద ఎనర్జీ టు కాస్ట్ దట్ స్పెల్!" అని రావచ్చు. పడినట్టు ఆట చెప్పిన లైను మీదే లెక్క మొదలవ్వాలి.

నా దగ్గర సెకన్ల టైమర్ ఒక్కటే ఉంది, దాని పేరు టిక్. టైమర్ల జాబితాలో కొత్తది చేర్చి, విరామం 1 నిమిషం 15 సెకన్లు ఇచ్చి, లేబుల్ పెట్టి, స్క్రిప్టుకు పంపమన్నాను. మిగతా స్పెల్స్ అన్నీ వట్టి అంకెలే, "ఇంకా ఎన్ని టిక్కులు" అని. శాంక్చువరీ పడగానే దాని అంకె 5. ఆర్మర్ అనే స్పెల్ కాలం 24 కాబట్టి దాని అంకె 25. బ్లెస్‌ది 6, అంకె 7. పైన చెప్పిన సున్నా టిక్కు కోసమే ఆ ఒకటి కలుపుతున్నాను. టిక్ కొట్టినప్పుడల్లా అన్ని అంకెల్లోంచీ ఒకటి తీసేయడమే పని.

ఆరా ఉండగానే మళ్లీ వేస్తే? సర్కిల్‌మడ్‌లో శాంక్చువరీ కాలం కొత్తగా మొదలవదు, పాతదానికి కలుస్తుంది. అప్పుడు అంకెను 5 చేయకూడదు, ఉన్నదానికి 4 కలపాలి. రెండు టిక్కులు మిగిలి ఉండగా వేస్తే 6 అవుతుంది. సున్నా ఉంటే 5, లేకపోతే ప్లస్ 4. స్క్రిప్టులో ఈ ఒక్క షరతు రాయడానికి ఒక్క లైను చాలు, మరిచిపోతే మాత్రం టైమర్ ఎప్పుడూ తొందరపడుతూనే ఉంటుంది.

ఇక టిక్ గుర్తుల ట్రిగ్గర్లు. సూర్యోదయం లైనో, ఆకలి లైనో వచ్చినప్పుడు రీసెట్‌టైమర్ ఫంక్షన్‌తో టిక్ టైమర్‌ను మళ్లీ మొదటి నుంచి నడపాలి. ఇక్కడ నేను పడిన గొయ్యి చెబుతాను, మీరు పడకండి. టైమర్ 75 సెకన్లకు కొట్టి అంకెలు తగ్గించింది. అర సెకను తర్వాత ఆట నుంచి "యూ ఆర్ హంగ్రీ" వచ్చింది, అదీ ఒక టిక్కని ఇంకోసారి తగ్గించింది. వెంటనే "యూ ఆర్ థర్స్టీ", ఇంకోసారి. ఒక్క టిక్కుకు మూడు పోయాయి. ఆకలేసిన పాత్రకు ప్రతి టిక్కూ ఇలాగే. మందు ఏమిటంటే, టిక్ ఫంక్షన్ చివరిసారి ఎప్పుడు నడిచిందో ఓఎస్.టైమ్‌తో గుర్తు పెట్టుకోవాలి. 30 సెకన్లు కాకుండానే మళ్లీ పిలుపొస్తే అది పాత టిక్కే అనుకుని టైమర్‌ను సరిచేయాలి గాని అంకెలు ముట్టుకోకూడదు.

ఆట మొదలైన కొత్తలో టైమర్ ఇంకా సరిపడకుండా ఉన్నప్పుడు దీనివల్ల ఒక టిక్కు ఎక్కువ తగ్గిపోవచ్చు. ఫర్వాలేదు. ముందుగా మోగితే కొంచెం మానా పోతుంది. ఆలస్యంగా మోగితే గరుడ పోతాడు. లెక్కలో ఎటైనా తప్పక తప్పదనుకుంటే ముందు వైపే తప్పనివ్వండి.

ఈ అంకెలు దాచుకునే వేరియబుల్స్ గురించి ఒక్క మాట. ముష్‌క్లయింట్‌లో గెట్‌వేరియబుల్ తిరిగి ఇచ్చేది అంకె కాదు, అక్షరాల తీగ. లువా కూడికలు, తీసివేతల దగ్గర దాన్నే అంకెగా మార్చుకుని సర్దుకుంటుంది, పోల్చే దగ్గర మాత్రం ఒప్పుకోదు. తగ్గించడం బాగానే జరిగి "ఒకటికి సమానమా, తక్కువా" అన్న లైను దగ్గర ఎర్రర్ కొడుతుంది. తీసుకున్న వెంటనే టోనంబర్‌తో మార్చేయండి, అసలు ఏమీ లేకపోతే సున్నా అనుకోమని పక్కనే రాయండి.

ఎలా మోగాలి

అంకె 1కి దిగిందంటే వచ్చే టిక్కున ఆరా పోతుంది. నాకు రెండు శబ్దాలు కావాలి. 1కి దిగిన క్షణాన ఒక చిన్న చప్పుడు, ఇంకా 75 సెకన్లు ఉందని. తర్వాత 60 సెకన్లకు ఇంకోటి, 15 సెకన్లే ఉందని. రెండోదానికి, చెప్పినన్ని సెకన్ల తర్వాత పని చేయించే డూఆఫ్టర్‌స్పెషల్ వాడాను. ఆలోగా నేను ఆరా మళ్లీ వేసేస్తే అనవసరంగా మోగకూడదు కాబట్టి, మోగే ముందు అంకె ఇంకా 1 ఉందా అని చూడమన్నాను. సర్కిల్‌మడ్‌లో స్పెల్ వేశాక రెండు సెకన్లు ఆగాలి, ఒకటి రెండుసార్లు ఏకాగ్రత చెడినా 15 సెకన్లు చాలు.

స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు గట్టిగా చెప్పే మాట: హెచ్చరికను మాటల్లో పెట్టకండి. మాట పోరు లైన్ల వరసలో నిలబడుతుంది, లేదంటే వాటిని మధ్యలో తెంచేస్తుంది. శబ్దం అయితే మాట మీదుగానే వినపడుతుంది. మొదట విండోస్‌లో వచ్చే శబ్దాలు వాడాను, మెయిల్ వచ్చినా అదే మోత, ఆరా పోతున్నా అదే మోత. తర్వాత వంటింట్లో కూర్చుని ఫోన్‌లో సొంతంగా రికార్డు చేసుకున్నాను. ఖాళీ స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక్క దెబ్బ, మొదటి హెచ్చరిక. సగం నీళ్లున్న గ్లాసు మీద రెండు దెబ్బలు, రెండోది. నీళ్లుంటే శబ్దం లావుగా వస్తుంది, ఏది ఏదో ఆలోచించక్కర్లేదు. వేవ్ ఫైలుగా మార్చి, ముందున్న నిశ్శబ్దం కత్తిరించి, ప్లేసౌండ్‌కు దారి ఇచ్చాను. ఆ నిశ్శబ్దం కత్తిరించడం మరచిపోవద్దు, అర సెకను ఆలస్యం చెవికి తెలుస్తుంది. ఆరా నిజంగా పోయిన లైనుకు బోర్లించిన స్టీలు పళ్లెం మీద గరిటె దెబ్బ పెట్టాను. అది ఎప్పుడూ వినపడకుండా చూసుకోవడమే నా పని.

స్పెల్‌ను కూడా ట్రిగ్గరే వేసేలా చేయొచ్చు కదా అని తుమ్మెద అడిగాడు. చేయొచ్చు. నేను చేయను. చాలా ఆటల్లో మనిషి లేకుండా ఆడే పాత్రలకు నిషేధం ఉంది, ముందు మీ ఆట నియమాలు చదవండి. నియమాలు ఒప్పుకున్నా శాంక్చువరీకి 110 నుంచి, స్థాయి పెరిగే కొద్దీ తగ్గుతూ, కనీసం 85 మానా అవుతుంది. ఊళ్లో నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే ఆరా పోనివ్వాలి, గుహలో పోనివ్వకూడదు. అది చూసుకోవాల్సింది నేనే.

ఒకే లైను, మూడు స్పెల్స్

డిటెక్ట్ ఇన్విజిబిలిటీ, డిటెక్ట్ మ్యాజిక్, డిటెక్ట్ అలైన్‌మెంట్, మూడింటికీ పడినప్పుడు వచ్చే లైను ఒకటే: "యువర్ ఐస్ టింగిల్." లైను చూసి ఏది పడిందో చెప్పలేం. పోయేటప్పుడు మాత్రం వేరు. మొదటిదానికి "యువర్ ఐస్ స్టాప్ టింగ్లింగ్", రెండోదానికి "ద డిటెక్ట్ మ్యాజిక్ వేర్స్ ఆఫ్", మూడోదానికి "యూ ఫీల్ లెస్ అవేర్."

ఇక్కడ మన కమాండ్ సాయం తీసుకోవాలి. స్పెల్ పేరును ఒంటి కొటేషన్ల మధ్య పెట్టాలని సర్కిల్‌మడ్ ఎలాగూ పట్టుబడుతుంది, దాన్నే వాడుకుందాం. ఒక ఏలియాస్, అంటే మనం కొట్టే కమాండ్‌ను పట్టుకునే నమూనా:

^కాస్ట్ '([^']+)'(?: (.+))?$

మొదటి బ్రాకెట్‌లో కొటేషన్ కాని అక్షరాలన్నీ, అంటే స్పెల్ పేరు. రెండోది ఎవరి మీద అన్నది, ఉంటే. ఏలియాస్ ఆ పేరును "ఎదురుచూస్తున్నది" అన్న వేరియబుల్‌లో పెట్టి, కమాండ్‌ను ఉన్నదున్నట్టు ఆటకు పంపేయాలి. లెక్క మాత్రం మొదలుపెట్టకూడదు. కళ్లు జలదరించిన లైను వచ్చినప్పుడు ట్రిగ్గర్ ఆ వేరియబుల్ చూసి ఏ అంకె పెంచాలో తేల్చుకుంటుంది, పెంచాక దాన్ని ఖాళీ చేస్తుంది. ఏకాగ్రత చెడిన లైను వచ్చినా ఖాళీ చేయాలి. వరసగా రెండు స్పెల్స్ కొట్టి కూర్చుంటే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది, కాబట్టి అలవాటున్నవాళ్లు ఒక్క పేరు బదులు వరస పెట్టుకోండి. నేను ఒక్కటితోనే నెట్టుకొస్తున్నాను.

ఈ మూడింటి కాలం 12, దానికి మీ స్థాయి కలుపుకోవాలి. స్థాయి పెరిగినప్పుడు స్క్రిప్టులో అంకె మార్చడం మరవద్దు.

పక్కవాడి ఆరా

గరుడ పోయింది ఇందువల్లే కాబట్టి దీని గురించే ఎక్కువ ఆలోచించాను. ఇంకొకరి మీద శాంక్చువరీ పడితే గదిలో ఉన్న మనకు "గరుడ ఈజ్ సరౌండెడ్ బై ఎ వైట్ ఆరా" అని వస్తుంది. పోయినప్పుడు మాత్రం ఆ లైను అతనికొక్కడికే వస్తుంది. మనకు ఏమీ రాదు. అంటే ఎంత మంచి నమూనా రాసినా పట్టుకోవడానికి లైనే లేదు. ఇక్కడ టిక్కు లెక్క తప్ప వేరే దారి లేదు. నేను సెకన్ల టైమర్ వదిలేసి టిక్కు వెంట పడింది కూడా ఇందుకే.

^(గరుడ|తుమ్మెద) ఈజ్ సరౌండెడ్ బై ఎ వైట్ ఆరా\.$

దీనికీ ముందు ప్రాంప్ట్ ముక్క తగిలించుకోండి. పేర్లు విడిగా రాయండి. పేరు స్థానంలో చుక్క, కూడిక పెడితే గుహలో పూజారి రాక్షసుడు తనకు తాను ఆరా వేసుకున్నా లెక్క మొదలవుతుంది. బ్రాకెట్‌లో చిక్కిన పేరు స్క్రిప్టు గళ్లో %1గా వస్తుంది. దాన్నే వేరియబుల్ పేరులో కలిపితే మనిషికో అంకె నడుస్తుంది. ప్రతి మనిషికీ వేరే శబ్దం పెట్టాను. గరుడది ఇత్తడి చెంబు, తుమ్మెదది గాజుల చప్పుడు. ఇంకో రాక్షసుడి ఆరా కూడా లెక్కపెట్టాలనిపిస్తే వేరే ట్రిగ్గర్ రాసుకోండి, ఇందులో కలపకండి.

ఇంకో చిన్న సంగతి. ముష్‌క్లయింట్‌లో ఒక లైనుకు ఒక ట్రిగ్గర్ తగిలితే మామూలుగా అక్కడితో ఆగిపోతుంది. ఆరా పోయిన లైనును లెక్క ట్రిగ్గరూ పట్టాలి, టిక్ గుర్తు ట్రిగ్గరూ పట్టాలి. మొదటిదానికి కీప్ ఎవాల్యుయేటింగ్ చెక్‌బాక్స్ పెట్టండి, లేకపోతే రెండోదాని వరకూ రాదు. ఏది ముందు నడవాలో సీక్వెన్స్ అంకె చెబుతుంది, చిన్న అంకె ముందు.

మీ ఆటలో అంకెలు కొలవడం, సరిచూసుకోవడం

మర్క్, రోమ్ లాంటి డీకూ కుటుంబం ఆటల్లోనే టిక్కు పొడవు వేరుగా ఉంటుంది. మీ ఆటలో రెండు టిక్ గుర్తుల మధ్య సెకన్లు కొలవండి. పగలు మొదలైన లైను సూర్యోదయం తర్వాతి టిక్కునే వస్తుంది కాబట్టి ఆ రెండింటి మధ్య ఉన్నదే ఒక టిక్కు. నాలుగైదు రోజులు కొలిచినా ఒకే అంకె వస్తే లెక్క నమ్మొచ్చు. కొన్ని ఆటలు టిక్కును కావాలనే అటూ ఇటూ మారుస్తాయి, అక్కడ గుర్తులను మాత్రమే నమ్మాలి. అకీయా లాంటి ఆటలైతే జీఎంసీపీ అనే పక్కదారిలో మీ మీద ఏ రక్షణలు ఉన్నాయో, ఏది పోయిందో నేరుగా క్లయింట్‌కు పంపుతాయి. అలాంటి చోట లైన్ల నమూనాలతో తిప్పలు పడకండి, ఆ సమాచారమే వాడండి.

కొత్త ట్రిగ్గర్ రాసినప్పుడు పోరులో పరీక్షించకండి. సర్వర్ నుంచి వచ్చినట్టు లైను పంపే సిమ్యులేట్ ఫంక్షన్ ముష్‌క్లయింట్‌లో ఉంది. దాంతో నేను ప్రతి ట్రిగ్గర్‌కూ మూడు లైన్లు పంపుతాను: అసలు లైను, ప్రాంప్ట్ అతుక్కున్న లైను, ఎవరో మాటల్లో అన్న లైను. మొదటి రెండింటికీ మోగాలి, మూడోదానికి మోగకూడదు. మోగిందంటే గొడుగో డాలరో ఎక్కడో ఊడింది.

ఆటలోకి వచ్చిన వెంటనే స్కోర్ కొడతాను. శాంక్చువరీ ఉంటే "యూ ఆర్ ప్రొటెక్టెడ్ బై శాంక్చువరీ" అని చెబుతుంది. ఎన్ని టిక్కులో చెప్పదు. ఆ లైను వచ్చి నా అంకె సున్నా ఉంటే, దాన్ని 1 చేయమన్నాను. పక్కవాళ్ల సంగతికి లుక్ ఉంది. ఆరా ఉన్న మనిషి పేరు కింద "గ్లోస్ విత్ ఎ బ్రైట్ లైట్" అన్న లైను వస్తుంది. పెద్ద పోరుకు ముందు తలుపు దగ్గర ఆగి ఒకసారి లుక్ కొట్టి, గరుడ పేరు కింద ఆ వెలుగు లైను విన్నాకే "పద తమ్ముడూ" అంటాను.